స్టీలు గ్లాసుకు షుగర్ 118 చూపించిన వాచ్

చేతులు ఇంకా వణుకుతున్నాయి. కోపం దిగకముందే రాస్తున్నా.

పొద్దున ఎనిమిదింటికి అమ్మ వంటింట్లో గోడ పట్టుకొని నిలబడింది. జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. ఏమైందమ్మా అంటే, "ఏం కాలే బిడ్డా, షుగర్ మంచిగనే ఉంది, వాచ్ చెప్తాంది కదా" అంది. వాచ్‌లో 118. వేలు గుచ్చి మిషన్‌లో చూస్తే 52కు పడిపోయి ఉంది! చక్కెర నీళ్లు తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూస్తే 81. ఆ పావుగంట నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ వాచ్ పోయిన నెల హన్మకొండలో ఒక షాపులో కొన్నదే. సూది లేదు, రక్తం లేదు అని చెప్పి రెండు వేల రెండు వందలు తీసుకున్నాడు. అమ్మ తేరుకున్నాక దాన్ని విప్పి స్టీలు గ్లాసుకు చుట్టాను. వెనక పచ్చ లైటు వెలిగింది, కాసేపు మెరిసింది, 118 అని చూపించింది. గ్లాసుకు!

చర్మాన్ని గుచ్చకుండా తనంతట తాను షుగర్ కొలిచే స్మార్ట్‌వాచ్‌కు గానీ, ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అయినా ఇక్కడ అద్దాల బీరువాలో పెట్టి అమ్ముతున్నారు. గుచ్చరు అంటే అమ్మ నమ్మింది, ఆమె తప్పేముంది? పదకొండేళ్లుగా గుచ్చీ గుచ్చీ వేళ్ల కొసలు గట్టిపడ్డాయి. బియ్యంలో రాయి చేతికి తగలట్లేదంటుంది.

నిజంగా పనిచేసేవి ఉన్నాయి. జబ్బ వెనక బిళ్లలా అతికించే సెన్సర్. దాని కింద సన్నటి తీగ అర సెంటీమీటరు లోపలికి దిగుతుంది. అది చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే నీటిని. రక్తంలో మార్పు ఆ నీటికి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అందుకే ఒంట్లో తేడాగా ఉంటే వేలు కూడా గుచ్చి చూసుకోమని ఆ సెన్సర్ తయారుచేసేవాళ్లే చెప్తారు. 14 రోజులు, రాత్రీ పగలూ చూస్తూనే ఉంటుంది. ఒక్కోటి నాలుగైదు వేలు, నెలకు రెండు కావాలి. పింఛను మీద బతికే ముసలివాళ్లు ఎక్కడినుంచి తెస్తారు?

రాత్రి అంటే నాన్న గుర్తొస్తాడు. ఇన్సులిన్ మీద ఉండేవాడు. పరగడుపు రిపోర్టు చూసి "కంట్రోల్‌లో ఉంది" అని డాక్టర్లు పంపేవాళ్లు. రాత్రుళ్లు దిండు తడిసేది, పీడకలలని లేచి కూర్చునేవాడు. కాజీపేట ఇంట్లో ఉక్కపోత అనుకొని మేము కూలర్ కొన్నాం. రాత్రి పడిపోయిన షుగర్ తెల్లారేసరికి మళ్లీ పైకి రావచ్చని, పొద్దున తీసే ఆ ఒక్క చుక్క రాత్రి సంగతి చెప్పదని మాకు ఒక్కరూ చెప్పలేదు. ఈ సెన్సర్లు యూరప్‌లో 2014లోనే అమ్మకానికొచ్చాయి. నాన్న పోయింది 2016లో, నిద్రలో.

రేపు షాపు తెరిచేసరికి వాచ్, గ్లాసు రెండూ పట్టుకొని వాడి ముందు నిలబడతా. హన్మకొండ వాళ్లెవరైనా ఇలాంటిది కొని ఉంటే ఈ రాత్రే ఏదో ఒక గ్లాసుకు చుట్టి చూడండి.