కీర్తిశేషులు ఒక్క నొక్కు బటన్ గారికి

మహారాజశ్రీ ఒక్క నొక్కు బటన్ గారి దివ్య సముఖానికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక చిన్న ప్రోగ్రామర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే నేను కుశలం, మీరు కాలం చేశారు. ఒక్క నొక్కుతో వస్తువు కొనిపించే పద్ధతి మీద అమెజాన్ వారింట 1999 సెప్టెంబరులో అమెరికా పేటెంటుగా పుట్టి, 2017 సెప్టెంబరులో గడువు తీరి పోయారు. పోయినవాళ్లకు ఉత్తరమేంటి అంటారేమో. బతికున్న మీ బంధువులకు రాస్తే దాన్నే సాక్ష్యంగా కోర్టులో పెడతారని మా లాయరు భయపెట్టాడు.

సంగతేమిటంటే, మిర్చి యార్డు కమీషన్ కొట్ల కోసం నేనూ మా బావా ఒక బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తున్నాం. ఓపెన్ సోర్స్. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, కాటా ఎంత, హమాలీ ఎంత అన్నది కొట్టేస్తే ఒక్క నొక్కుతో రైతు చేతికి పట్టీ, అంటే లెక్క కాగితం, రావాలి. మొదటి కొట్టు గుమాస్తా గారు ఒకటే షరతు పెట్టారు: "నేను వాడే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నట్టే ఉండాలయ్యా. ఈ వయసులో నా వేళ్లు కొత్తవి నేర్చుకోవు."

వేళ్ల విషయంలో మాకు ధైర్యమే. లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాం మెనూని పోటీ కంపెనీ బోర్లాండ్ వాళ్లు ఉన్నదున్నట్టు దించితే, ఆ కమాండ్ల వరస పని చేయించే పద్ధతే తప్ప కాపీరైటు సొత్తు కాదని అమెరికా అప్పీలు కోర్టు 1995లో చెప్పింది. మరుసటేడు అక్కడి సుప్రీంకోర్టు జడ్జీలు 4-4గా చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది. మన కాపీరైటు చట్టం 52వ సెక్షను కూడా, సక్రమంగా సంపాదించిన ప్రోగ్రాంని వాడుతూ అదెలా పనిచేస్తుందో గమనించడం తప్పు కాదంటుంది. పక్క హోటల్లో అల్లం పచ్చడి తిని, రుచి పట్టుకుని ఇంటికొచ్చి నూరుకోవచ్చు. వాళ్ల గిన్నె, అంటే వాళ్లు రాసుకున్న కోడ్, ఎత్తుకురాకూడదు.

గిన్నె మీద మాత్రం బావకు అనుమానం తీరలేదు. 1984లో ఫీనిక్స్ అనే కంపెనీ ఐబీఎం పీసీ బయోస్‌ని (కంప్యూటర్‌ని నిద్ర లేపే ప్రోగ్రాంని) మళ్లీ రాసినప్పుడు, ఒక జట్టు అసలుది చదివి అది ఏం చేస్తుందో రాసిచ్చిందట. అసలుది కంటితో చూడని ఇంకో జట్టు కోడ్ రాసిందట. మనవాళ్ల మడి లాంటిదే. "మనమూ మడి కట్టుకుందాం" అన్నాడు. మేమున్నది ఇద్దరం, టీ తాగే బల్ల ఒకటి. మూడు వారాలు మాటల్లేవు. అక్క ఫోన్ చేసి "మీ ఇద్దరికీ ఆస్తి తగాదా ఏమన్నా వచ్చిందా?" అని అడిగింది. ఒక రకంగా అదే.

తీరా చూస్తే ఈ మడి కాపీరైటు దగ్గర చెల్లుతుంది కానీ మీ పేటెంటు వంశం దగ్గర చెల్లదట. ఎవర్నీ చూడకుండా సొంత బుర్రతో రాసినా, మీ క్లెయిముల్లో, అంటే పేటెంటులో 'ఇది మాది' అని రాసుకున్నదాంట్లో, ఉన్న పద్ధతే అయితే తప్పు తప్పే. పోనీ పేటెంట్లన్నీ ముందే వెతికి చదవమంటారా అని లాయర్నడిగాను. "చదివి కూడా చేశావని తేలితే అమెరికా కోర్టు నష్టపరిహారాన్ని మూడింతల దాకా పెంచొచ్చు. చదవకు" అన్నాడు. విజయవాడ హాస్టల్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివినవాణ్ని నేను. చదవొద్దని చెప్పిన మొదటి పెద్దమనిషి ఆయనే. దానికీ ఫీజు తీసుకున్నాడు.

మన పేటెంట్ల చట్టం 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాం ఆవిష్కరణ కాదు. ఆ "ఉత్త"ని చట్టంలో "పర్ సే" అన్నారు. ఆ రెండు ముక్కల మీద ఎన్ని లాయర్ల ఇళ్లు లేచాయో! అయినా మా కోడ్ గుంటూరులోనే ఉంటుందా? డల్లాస్‌లో మనవాళ్లెవరో దించుకుంటారు. ఫోటోలు చూసుకునే షాట్‌వెల్ అనే ప్రోగ్రాం మీద 2019లో అమెరికాలో పేటెంటు కేసు పడితే, దాని వెనకున్న గ్నోమ్ ఫౌండేషన్ అనే ఓపెన్ సోర్స్ సంస్థ లక్షా యాభై వేల డాలర్లకు పైగా చందాలు పోగేసింది. 2020 మేలో అవతలివాళ్లు రాజీకొచ్చారు, నిజమే. మా ప్రాజెక్టు ఖాతాలో ఉన్నది రెండు వేల మూడొందలు. అందులో వెయ్యి బావది.

మీరు మాత్రం తక్కువవారా? పుట్టిన నెలకే బార్న్స్ అండ్ నోబుల్ పుస్తకాల కొట్టు మీద కేసేశారు. డిసెంబరులో కోర్టు ఆపమంటే, వాళ్లు పాపం కొనేవాళ్ల చేత ఇంకో నొక్కు నొక్కించారు. ఆ ఆదేశం 2001లో పోయింది, మరుసటేడు రాజీ అయింది. మా వైపు పశువుల సంతల్లో తువ్వాలు కింద వేళ్లు నొక్కి బేరం ఖాయం చేసుకునేవాళ్లు. దాన్ని రిజిస్టరు చేయించాలని ఎవరికీ తట్టలేదు.

మొన్న గుమాస్తా గారికి చూపించాం. లాట్ కొట్టారు, ఒక్కసారి నొక్కారు, పట్టీ బయటికొచ్చింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, "ఏందయ్యా, అడక్కుండానే ఇచ్చేసింది? తాలు కాయల రేటు కొట్టానో మంచి కాయల రేటు కొట్టానో చూసుకోవద్దా? ఖాయమేనా అని ఇంకోసారి అడగాలి గదా!" అన్నారు.

రెండో నొక్కు పెట్టేశాం.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: బావతో మాటలు కలిశాయి. టీ డబ్బులు నేనే ఇస్తున్నాను.