యాప్ వేసిన శిక్షకు జవాబుదారీ ఎవరు?

ఇటలీలోని బొలోన్యా కోర్టు 2020 డిసెంబరు 31న ఇచ్చిన ఒక తీర్పును మన కార్మిక శాఖల అధికారులు చదవాలి. డెలివరూ అనే ఆహార సరఫరా సంస్థ తన రైడర్లకు మార్కులు వేసే అల్గారిథమ్‌పై (కంప్యూటర్ లెక్కల పద్ధతిపై) అక్కడి కార్మిక సంఘాలు దావా వేశాయి. వచ్చే వారం పని వేళలను రైడర్లు సోమవారం ఎంచుకోవాల్సి ఉండేది. మంచి మార్కులున్నవారికి ఉదయం 11 గంటలకు అవకాశం వచ్చేది. తర్వాతివారికి మధ్యాహ్నం 3కి, మిగిలినవారికి సాయంత్రం 5కి. అప్పటికి గిరాకీ ఉండే వేళలు ఎక్కడ మిగులుతాయి? ఎంచుకున్న వేళను 24 గంటల ముందే రద్దు చేసుకోకపోతే మార్కులు తగ్గేవి. జ్వరమొచ్చి మానేసినా, సమ్మె చేసినా ఒకటే లెక్క.

అల్గారిథమ్ ఎవరి కారణాలూ చూడదు కాబట్టి అందరినీ సమానంగా చూస్తోందనే వాదన కోర్టులో నిలవలేదు. ఎందుకంటే పనిలో ప్రమాదం జరిగినా, యాప్ మొరాయించినా సంస్థ మినహాయింపు ఇచ్చేది. అంటే తలచుకుంటే కారణం చూడగలదు. జ్వరాన్ని, సమ్మెను పట్టించుకోకపోవడం తెలిసి చేసిన పనేనని కోర్టు తేల్చింది. సంఘాలకు 50 వేల యూరోలు చెల్లించమంది.

పనిచోట కృత్రిమ మేధ ఎలా ఉండాలన్న చర్చకు నా దృష్టిలో ఇదే కీలకం. ‘సిస్టమ్ అలా చూపిస్తోంది’ అనే మాట వెనుక ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం ఉంటుంది. దేన్ని లెక్కలోకి తీసుకోవాలో, దేన్ని వదిలేయాలో యాజమాన్యమే చెబుతుంది. కోత పడ్డాక మాత్రం ఆ యాజమాన్యం కనిపించదు.

మన దగ్గర పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా లేదు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ముఖ హాజరు యాప్ వచ్చినప్పుడు ఉపాధ్యాయులు సొంత ఫోన్ల వాడకంపై, నెట్‌వర్క్ ఇబ్బందులపై ఆందోళనకు దిగారు. వారి అభ్యంతరం న్యాయమైనదే. సిగ్నల్ అందని ఊళ్లో సర్వర్ మొరాయిస్తే ఆ ఆలస్యం ఎవరి ఖాతాలో వేస్తారు? చట్టం కూడా యజమాని వైపే మొగ్గింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని ఏడో సెక్షన్, ఉద్యోగ అవసరాలకైతే సమ్మతి లేకుండానే ఉద్యోగి డేటాను వాడుకోనిస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో మాత్రం పనిచోట ఉద్యోగి మనోభావాలను యంత్రంతో పసిగట్టడాన్ని, వైద్య, భద్రతా కారణాలకు తప్ప, 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించారు.

కర్ణాటక 2025లో చేసిన గిగ్ కార్మికుల (యాప్‌ల ద్వారా విడివిడి పనులు చేసేవారి) చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. కారణం రాతపూర్వకంగా చెప్పి, 14 రోజుల ముందు నోటీసు ఇస్తేగాని కార్మికుడిని తొలగించకూడదంది. తెలంగాణ కూడా 2025 ఏప్రిల్‌లో గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. ఇవి మంచి ప్రయత్నాలే, కానీ యాప్ కార్మికుల దగ్గరే ఆగిపోయాయి. ముఖ హాజరుతో జీతం లెక్కకట్టే పారిశుద్ధ్య కార్మికురాలికీ, రెజ్యూమెను సాఫ్ట్‌వేర్ వడపోసిన నిరుద్యోగికీ వీటితో ఒరిగేది లేదు.

నోటీసు ఒక్కటే చాలదు కూడా. ‘ఐడీ బ్లాక్ అయింది’ అని రైడర్ ఫిర్యాదు చేస్తే మళ్లీ యాప్‌లోని చాట్ పెట్టెయే జవాబిస్తే ఏం లాభం? నిర్ణయాన్ని మార్చే అధికారమున్న మనిషి తెలుగులో విని, తెలుగులో కారణం చెప్పాలి. ఆ విచారణ పూర్తయ్యేదాకా జీతం కోయకూడదు, ఐడీ ఆపకూడదు. మార్కులు దేనికెన్ని వేస్తున్నారో సంఘాలకు ముందే చెప్పాలి. స్పెయిన్ 2021లోనే కార్మిక ప్రతినిధులకు ఆ హక్కు ఇచ్చింది. రెండు తెలుగు ప్రభుత్వాలూ ఈ నియమాలను ముందుగా తమ హాజరు యాప్‌లకే వర్తింపజేస్తే, ప్రైవేటు సంస్థలను అడిగే నైతిక బలం వాటికి వస్తుంది.