‘నైస్’ తిట్టు కాదు

“మిమ్మల్ని ఎవరైనా నైస్ పర్సన్ అంటే మురిసిపోకండి. నైస్‌కి అసలర్థం మూర్ఖుడు. చదువుకున్న ఇంగ్లీషువాళ్లు ఆ మాట వాడరు. దాని బదులు ఎక్కడైనా గుడ్ వాడండి.” ఫోన్లలో తెగ తిరుగుతున్న సందేశం ఇది. ఇందులో నిజం ఒక్క ముక్కే. దాని మీద అల్లిన సలహాలు నేర్చుకునేవాళ్లని తప్పుదారి పట్టిస్తాయి.

ముందు ఆ నిజం సంగతి. నైస్‌కి మూలమైన లాటిన్ మాట నెస్కియస్, అంటే ఏమీ తెలియనివాడు. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు తెలివితక్కువ అనే అర్థమే ఉండేది. తర్వాత అతినాజూకు, సున్నితం, సూక్ష్మం అంటూ జరుగుతూ జరుగుతూ 18వ శతాబ్దానికి ‘హాయిగొలిపే’ దగ్గరికి చేరింది. మూర్ఖుడన్న అర్థం ఎప్పుడో పోయింది. పుట్టుకనాటి అర్థమే అసలర్థమైతే మన ‘సాహసం’ మాటేమిటి? ధర్మశాస్త్రాల్లో అది బలప్రయోగంతో చేసే నేరం. సాహసవంతుడని మెచ్చుకుంటే దోపిడీదొంగ అన్నట్టా? పాత అర్థాల్లో ‘సూక్ష్మం’ మాత్రం ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంది: ‘ఎ నైస్ డిస్టింక్షన్’ అంటే మంచి తేడా కాదు, సన్నని తేడా.

చదువుకున్నవాళ్లు వాడరన్నది ఉత్త మాట. 1817 చివర్లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల ‘నార్తాంగర్ అబీ’లో ఒక పాత్ర ఈ మాటని ఎగతాళి చేస్తుంది. ప్రతిదానికీ అదే వాడేస్తున్నారన్నదే అక్కడి ఫిర్యాదు. వ్యాసంలో ‘నైస్ బుక్’ అని ఊరుకుంటే పుస్తకంలో ఏం బాగుందో తెలియదు కాబట్టి అక్కడ కచ్చితమైన విశేషణం వెతుక్కోవాలి. మాటల్లో ఆ ఇబ్బంది లేదు.

అన్నిటికన్నా నష్టం చేసేది నైస్ బదులు ఎక్కడైనా గుడ్ వాడమన్న సలహా. ‘గుడ్ డాక్టర్’ వైద్యం బాగా తెలిసినవాడు, ‘నైస్ డాక్టర్’ ఆదరంగా మాట్లాడేవాడు. ఒకరే రెండూ కావచ్చు, కాకపోవచ్చు. పిల్లలతో ‘బీ గుడ్’ అంటే అల్లరి చేయొద్దని, ‘బీ నైస్’ అంటే దురుసుగా ఉండొద్దని. ‘నైస్ అండ్ వార్మ్’ అంటే హాయైన వెచ్చదనం. అక్కడ గుడ్ పెడితే హాయి పోయి ‘బాగా’ అనే మోతాదు మిగులుతుంది. ‘నైస్ టు మీట్ యు’లో మాత్రం గుడ్ పెట్టినా ఇబ్బంది లేదు.

నైస్ నొప్పించే చోటూ ఒకటుంది. ‘దిస్ ఈజ్ ఎ నైస్ మెస్’ అంటే ‘ఎంత పని చేశావ్!’ అని దెప్పడం. దానికీ లాటిన్ మూర్ఖుడికీ సంబంధం లేదు. నైస్ తీసి ఫైన్ పెట్టినా అదే దెప్పు.