మేడి పట్టిన డ్యూకు

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం చూడ్డానికి వెళ్లినవాళ్లు దగ్గర్లోనే ఉన్న రస్సెల్ స్క్వేర్‌లోకి ఓసారి తొంగిచూడండి. పార్కు అంచున ఐదో బెడ్‌ఫర్డ్ డ్యూకు ఫ్రాన్సిస్ రస్సెల్ కంచు విగ్రహం ఉంటుంది. చెక్కింది వెస్ట్‌మకాట్, పెట్టింది 1809లో. ఒంటి మీద ప్రభువుల సభకు వేసుకెళ్లే బారెడు అంగీ. ఒక చెయ్యి నాగలి మీద, ఇంకో చేతిలో కంకులు, కాళ్ల దగ్గర గొర్రె. ఆ అంగీతో దున్నడానికి దిగితే రెండో సాలు దాటకముందే కాళ్లకు చుట్టుకుని బోర్లా పడతాడు. మేడి పట్టినవాడెవడికైనా చూడగానే తెలిసే సంగతి ఇది.

ఈయన గురించి మంచి చెప్పేవాళ్లకు కొదవలేదు. చెప్పేదాంట్లో నిజమూ ఉంది. తన ఎస్టేటు వోబర్న్‌లో నమూనా వ్యవసాయ క్షేత్రం పెట్టాడు, గొర్రెల జాతుల్ని పక్కపక్కన పెంచి పోల్చి చూశాడు, ఏటా ఉన్ని కత్తిరింపు సంబరానికి రైతుల్ని పిలిచి బహుమతులిచ్చాడు. పశువుల పెంపకాన్ని మెరుగుపరచడానికి 1798లో మొదలైన స్మిత్‌ఫీల్డ్ క్లబ్‌కు మొదటి అధ్యక్షుడు ఆయనే. 36 ఏళ్లకే పోయాడు. సరే, ఒప్పుకుందాం.

కానీ నన్నడిగితే, ఈ మనిషి విషయంలో విగ్రహం కంటే, హాప్‌నర్ గీసిన దర్జా చిత్రపటం కంటే జేమ్స్ గిల్రే వ్యంగ్యచిత్రాలే నమ్మదగ్గవి. 1795 నవంబరులో వచ్చిన బొమ్మ చూడండి. చెట్టు కింద పాము, దాని తల ప్రతిపక్ష నేత ఫాక్స్‌ది. నోరు తెరుచుకుని ఉన్న ఆ పాము వైపు కొమ్మ మీంచి పడిపోతున్న ఉడుతకు డ్యూకు మొహం. ఫ్రెంచి విప్లవం మాటలు వింటూ మైమరచిపోయిన సంపన్నుడు. 1802లో వచ్చిన ఇంకో బొమ్మలో డ్యూకు పక్కన కొవ్వెక్కిన ఎద్దు. గిల్రే ధర్మప్రభువేమీ కాదు. 1797 నుంచి సర్కారు నుంచి గుట్టుగా పింఛను తీసుకున్నాడు. అయినా ఉడుత బొమ్మ అంతకు ముందే గీశాడు కదా!

నాకు బాగా నచ్చేది జుట్టు కథ. 1795లో ప్రధాని పిట్ ప్రభుత్వం తలకు పౌడరు పూసుకునే వాళ్ల మీద మనిషికి ఏడాదికి ఒక గినీ, అంటే ఓ బంగారు నాణెం, పన్ను వేసింది. డ్యూకు, ఆయన మిత్రులు నిరసనగా వోబర్న్‌లో జుట్టు కత్తిరించుకున్నారు. ఆ ఏడాది ఇంగ్లండులో గోధుమ కరువు. పౌడరేమో పిండితో చేసేది. రొట్టె దొరకని పేదవాడికి డ్యూకు క్రాఫు వల్ల ఒరిగిందెంత? అదే ఏడాది ఆయన రచయిత, రాజకీయవేత్త ఎడ్మండ్ బర్క్‌కు సర్కారు ఇచ్చిన పింఛను మీద సభలో విరుచుకుపడ్డాడు. మరుసటి ఏడాది బర్క్ అచ్చు వేసిన జవాబు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: నా పింఛను సంగతి సరే, ఎనిమిదో హెన్రీ రాజు మీ తాతలకు ధారపోసిన భూముల సంగతేమిటి? వోబర్న్ ఒకప్పుడు సన్యాసుల మఠం. వోబర్న్ అబ్బీ అన్న పేరులోనే ఉంది, అబ్బీ అంటే మఠమే.

గిల్రే దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే. సంస్కరణ పేరుతో గొర్రె బలిసింది, ఎద్దు బలిసింది, కౌలు పెరిగింది. అదే రోజుల్లో ఊరుమ్మడి బీళ్లకు కంచెలు పడుతూ పోయాయి. దున్నే కూలీ మాత్రం విగ్రహంలో లేడు, చిత్రపటంలో లేడు. న్యాయంగా చెప్పాలంటే ఈ కార్టూన్లలోనూ లేడు.

ఇది మనకెందుకు అంటారా? ఇలా భూమిని బాగుచేసే ఇంగ్లిషు దొరను మనసులో పెట్టుకునే గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు విధానం తెచ్చాడు. శిస్తు పెరగదని తెలిస్తే జమీందారు చెరువులు తవ్విస్తాడు, బీళ్లు సాగు చేయిస్తాడు అనుకున్నాడు. డ్యూకు కన్నుమూసిన 1802లోనే మద్రాసు ప్రభుత్వం ఆ పద్ధతికి చట్టం చేసి ఉత్తర సర్కారులకు అంటగట్టింది. మన జమీందార్లలో బడులు, గ్రంథాలయాలు పెట్టినవాళ్లున్నారు, కవుల్ని పోషించినవాళ్లున్నారు. వాళ్ల నూనెరంగుల పటాలు ఇప్పటికీ గోడల మీద ఉన్నాయి. శిస్తు కట్టలేక ఊరొదిలి పోయినవాడి పటం ఏ గోడ మీదా లేదు. ఆ పద్ధతి పోవడానికి 1948 జమీందారీ రద్దు చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

జమీందార్లు పోయినా మేడి పట్టుకుని ఫొటో దిగే సరదా పోలేదు. మా వైపు ఓ ఏరువాక పున్నమి నాడు కళ్లారా చూశాను. ఇస్త్రీ చొక్కా మీద ఆకుపచ్చ కండువా వేసుకున్న నాయకుడొకాయన మేడి పట్టాడు. కెమెరాల సందడికి ఎడ్లు బెదిరాయి. పాలేరు ఒక్క ఉరుకున వెళ్లి పగ్గం అందుకుని వాటిని నిలబెట్టాడు. ఫొటోగ్రాఫరు అతని వైపు చెయ్యి ఊపుతూ, "ఏయ్, నువ్వు కాస్త పక్కకి జరుగు, అడ్డమొస్తున్నావ్" అన్నాడు.