లినో క్లాసులో చెరిపేసే రబ్బరుకు పనిలేదు

మన హైస్కూళ్లలో డ్రాయింగ్ పీరియడ్ సంగతి తెలిసిందే. పరీక్షలు దగ్గరపడితే దాన్ని లెక్కల మాస్టారు పట్టుకుపోతారు. మిగతా రోజుల్లో బోర్డు మీది కొండలు, కొబ్బరిచెట్టు, మధ్యలో సూర్యుడు. ఆ పీరియడ్ బతకాలంటే పిల్లల చేతికి లినోలియం ముక్క, ఉలి ఇవ్వాలి.

లినోలియం (లినో) అంటే అవిసె నూనె, కార్క్ పొడి కలిపి గోనె గుడ్డ మీద పరిచిన షీటు. 1860ల్లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ ఇంటి నేల మీద పరవడానికి కనిపెట్టాడు. కర్రకున్నట్టు దీనికి నార ఉండదు, ఉలి ఎటు తిప్పితే అటు తెగుతుంది. కాసేపు ఎండలో పెడితే ఇంకా మెత్తబడుతుంది. బొమ్మ చెక్కి, రోలర్‌తో ఇంకు పూసి, కాగితం పరిచి, వెనక చెంచాతో రుద్దితే అచ్చు పడుతుంది. ప్రెస్సు కూడా అక్కర్లేదు.

పెన్సిలు గీతను చెరపొచ్చు, చెక్కిన గీత మళ్లీ అతకదు. అందుకే పిల్లలు ఉలి దించేముందు ఆలోచిస్తారు. పైగా అచ్చులో బొమ్మ కుడి ఎడమలవుతుంది కాబట్టి అంతా తిరగేసి చెక్కాలి. తన పేరును కుడి ఎడమలు చేసి, తలకట్లు, ఒత్తులతో సహా చెక్కాల్సి వచ్చినప్పుడే ఎనిమిదో తరగతి పిల్లాడు తెలుగు అక్షరాన్ని మొదటిసారి సరిగ్గా చూస్తాడు. ఏది తీసేయాలో, ఏది ఉంచాలో కూడా తనే తేల్చుకోవాలి. దండి యాత్ర మీద బెంగాలీ చిత్రకారుడు నందలాల్ బోస్ 1930లో చేసిన గాంధీ లినోకట్ (లినో మీద చెక్కి తీసిన అచ్చుబొమ్మ) చూపించండి. నలుపు మీద కొన్ని తెల్లగీతలు, ఒక కర్ర, ఒక నడక. కంపోజిషన్ మీద ఇక లెక్చర్ దేనికి?

అరవైమంది పిల్లలకు ఉలులా, వేళ్లు తెగవా అని హెడ్మాస్టర్లకు టెన్షన్. న్యాయమే. కానీ నొక్కిపట్టిన చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకే ఉండాలన్న ఒక్క నియమం పాటిస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. మొద్దు ఉలే ఎక్కువ ప్రమాదం, బలంగా నెట్టాల్సి వస్తుంది కాబట్టి. ల్యాబులో యాసిడ్ ఇస్తున్నాం కదా!

నన్ను ఊరించే విషయం వేరే ఉంది. ఒక్క దిమ్మె చెక్కితే క్లాసులో అందరికీ తలో కాపీ ఇవ్వొచ్చు. బెంగాలీ చిత్రకారుడు చిత్తప్రసాద్ బాలకార్మికుల బతుకును లినోలో చెక్కాడు. ఠాగూర్ రాసిన బెంగాలీ వాచకం ‘సహజ్ పాఠ్’కు నందలాల్ లినోకట్లే బొమ్మలయ్యాయి. అంటే అక్కడ పిల్లలు దేశంలోని పెద్ద చిత్రకారుడి చేతిపని చూస్తూ అక్షరాలు దిద్దారు. మన ఒకటో తరగతి వాచకం తెరిచి చూడండి. కంప్యూటర్లో దొరికిన బొమ్మల్లా, అన్ని ముఖాలూ ఒకేలా ఉంటాయి.

చెక్కేవాళ్లు మనకు లేరా? పెడనలో కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కే పనివాళ్లున్నారు. వాళ్లను బడికి పిలిచి జీతమివ్వండి, బీఎఫ్‌ఏ (చిత్రకళ డిగ్రీ) సర్టిఫికెట్ అడగకండి. వాచకాల్లో బొమ్మల పని కూడా ఇలాంటి చేతులకే అప్పగించండి. ముందు మాత్రం డ్రాయింగ్‌కు వరసగా రెండు పీరియడ్లు కావాలి. ఒక్క పీరియడ్ అయితే ఇంకు కడుక్కోవడానికే సరిపోతుంది.