ఇనుప స్తంభానికి చెదలు పట్టే స్వేచ్ఛ

ఇనుప స్తంభానికి చెదలు పట్టవని ఎవరన్నారు? ఫోన్లో ఫారం నింపుతూ చేసిన ఏదైనా స్తంభాల సర్వే డేటా తెరిచి చూడండి. చెక్క స్తంభాలకు తుప్పు, కాంక్రీటు స్తంభాలకు పుచ్చు, ఇనుప స్తంభాలకు చెదలు. అన్నీ తేదీ, సమయం, జీపీఎస్ పాయింటు, ఫోటోతో సహా నమోదై ఉంటాయి. ప్రకృతి వల్ల కాని పనిని ఆ ఫారంలోని ఒక డ్రాప్‌డౌన్ జాబితా, అంటే నొక్కగానే జవాబులు పరిచే జాబితా, ఇన్నాళ్లుగా చప్పుడు లేకుండా చేసుకుంటూ వచ్చింది. ఇప్పుడు దాని మీద కుట్ర జరుగుతోంది. ఆ కుట్ర పేరు షరతుల జాబితా. మొదటి ప్రశ్నకు ఇనుము అని చెబితే, రెండో ప్రశ్నలో ఇనుముకు రాగల లోపాలే కనిపిస్తాయట. చెదలు అసలు కనిపించవట. ఈ అన్యాయాన్ని ఖండించేవాళ్లు ఒక్కరూ లేకపోవడంతో నేనే పూనుకోవాల్సి వచ్చింది.

పాత పద్ధతికి ఏం తక్కువైంది? స్తంభం దేనితో చేశారన్నది ఒక ప్రశ్న. దానికి ఏం లోపం వచ్చిందన్నది ఇంకో ప్రశ్న. రెండోదాంట్లో తుప్పు, చెదలు, పుచ్చు, పెచ్చులూడటం, కడ్డీలు బయటపడటం, వెల్డింగ్ విడిపోవడం, బోల్టు ఊడటం, ఒరగడం, ఇలా భూమ్మీది స్తంభాలకు రాగల రోగాలన్నీ ఒకే వరుసలో నిలబడి ఉండేవి. మిట్టమధ్యాహ్నం, ఎండకి స్క్రీను సరిగ్గా కనబడని వేళ, చెమట పట్టిన బొటనవేలితో ఆ వరుసను పైకి తోసుకుంటూ పోవడం ఒక తపస్సు. ఓపికున్నవాళ్లు అడుగుదాకా వెళ్తారు. మిగతావాళ్లు పైన కనిపించిన మూడు నాలుగింట్లో ఒకటి నొక్కేసి తర్వాతి స్తంభం దగ్గరికి నడుస్తారు. అందుకే జాబితాలో పైనున్న లోపాలు లోకంలో కూడా ఎక్కువగా ఉంటాయి. రిపోర్టులో అది చక్కటి బార్ చార్టు అవుతుంది. దాన్ని చూసి బడ్జెట్ కూడా కేటాయిస్తారు. ఇందులో ఎవరికి నష్టం జరిగిందో నాకైతే అర్థం కాలేదు.

ఇంత చక్కటి ఏర్పాటును కూల్చడానికి పెద్ద సైన్యమేమీ అక్కర్లేదు, ఒక్క అదనపు కాలమ్ చాలు. ఓడీకే, కోబో టూల్‌బాక్స్ లాంటి సర్వే సాఫ్ట్‌వేర్‌లు వాడే ఎక్స్‌ఎల్‌ఎస్ ఫారంలో, అంటే ఎక్సెల్ షీట్లలో రాసుకునే ఫారంలో, ప్రశ్నలు ఒక షీటులో, జవాబులు 'చాయిసెస్' అనే ఇంకో షీటులో ఉంటాయి. ఆ చాయిసెస్ షీటులో ప్రతి లోపం పక్కన అది ఏ మెటీరియల్‌కు సంబంధించిందో రాస్తారు. ప్రశ్న ఉన్న వరుసలో 'చాయిస్ ఫిల్టర్' గడిలోకి వెళ్లి, ఆ కాలమ్‌లో ఉన్నదీ పై ప్రశ్నకు వచ్చిన జవాబూ సమానం కావాలని ఒక ముక్క రాస్తారు. అయిపోయింది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఫారం తయారుచేసి, ఫోన్లో క్యూఫీల్డ్ యాప్‌లోనో మెర్జిన్ మ్యాప్స్‌లోనో తెరిచేవాళ్లు, జవాబుల్ని ఇంకో టేబుల్ నుంచి తెచ్చే 'వాల్యూ రిలేషన్' విడ్జెట్ పెట్టి, దాని ఫిల్టర్‌లో 'కరెంట్ వాల్యూ' ఫంక్షన్‌తో పై గడిలో ఏముందో అడుగుతారు. జవాబుల్ని అక్కడికక్కడే రాసుకునే 'వాల్యూ మ్యాప్' విడ్జెట్‌తో సరిపెట్టుకున్నవాళ్లు మాత్రం నిశ్చింతగా ఉండొచ్చు. దాంట్లో ఫిల్టర్ రాసే చోటే లేదు. స్వేచ్ఛాప్రియులు దాన్నే గట్టిగా పట్టుకోవాలి.

అయినా మనం అప్పుడే డీలా పడిపోనక్కర్లేదు. షరతు రాయడం వేరు, షరతు పనిచేయడం వేరు. ఆ రెంటి మధ్య మన పక్షాన పోరాడేవాళ్లు చాలామందే ఉన్నారు.

అందరికంటే నమ్మకస్తుడు ఎక్సెల్. మెటీరియల్ పేరుకు బదులు లోపల నిల్వయ్యే కోడ్‌ను 01 అని టైప్ చేస్తే, ముందున్న సున్నా దేనికీ పనికిరాదని తనే నిర్ణయించుకుని 1 మాత్రం ఉంచుతుంది. ఒక టేబుల్‌లో 01, ఇంకో టేబుల్‌లో 1. మీకూ నాకూ రెండూ ఒకటే, ఫిల్టర్‌కు మాత్రం వాటికి ముఖపరిచయం కూడా లేదు. ఎక్సెల్ పట్టుదల సామాన్యమైంది కాదు. మనిషి జన్యువుల పేర్లను అది తేదీలుగా మార్చేస్తుంటే తట్టుకోలేక, 2020లో జన్యువులకు పేర్లు పెట్టే హెచ్‌జీఎన్‌సీ సంస్థ నియమాలే సవరించింది. మార్చ్1 అనే జన్యువు మార్చ్ఎఫ్1 అయింది. సెప్ట్1 సెప్టిన్1 అయింది. జన్యుశాస్త్రమే పేర్లు మార్చుకుని తప్పుకుపోతే, ఓ స్తంభాల సర్వే ఎంత?

తర్వాతి వీరుడు కంటికి కనపడడు. సీఎస్‌వీ ఫైల్లో, అంటే కామాలతో విడదీసిన టేబుల్ ఫైల్లో, పదం చివర మిగిలిపోయిన ఖాళీ అతను. 'స్టీల్' ఒకచోట, 'స్టీల్' వెనకాల తోక లాంటి స్పేస్ ఇంకోచోట. రెంటినీ పక్కపక్కన పెట్టి గంటసేపు చూసినా తేడా దొరకదు. ఇంగ్లిష్‌లో కోడ్‌లు రాసేవాళ్లకైతే పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా ఉచితంగా దొరుకుతుంది. ఇక కోడ్‌తో పోల్చాల్సిన చోట తెరమీద కనిపించే లేబుల్‌తో పోల్చేవాళ్లున్నారు. వాళ్లను ప్రత్యేకంగా సన్మానించాలి.

వీటన్నిటి ఫలితం ఒకటే: ఖాళీ జాబితా. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. ప్రశ్న ఉంటుంది, జవాబులుండవు. ఆ ప్రశ్నకు 'తప్పనిసరి' అని కూడా టిక్కు పెట్టి ఉంటే ఇక చెప్పేదేముంది! ఏమీ లేనిదాంట్లోంచి ఏదో ఒకటి ఎంచుకుంటే తప్ప ముందుకు పోనివ్వనని ఫోను పట్టుబడుతుంది. సర్వేకు వెళ్లినవాళ్లు ఆ ఎండలో వేదాంత చర్చకు దిగరు. వెనక్కి వెళ్లి మెటీరియల్ మార్చి చూస్తారు. చెక్క నొక్కితే ఖాళీ, ఇనుము నొక్కితే ఖాళీ, కాంక్రీటు నొక్కగానే లోపాలు వరసగా వచ్చేస్తాయి. ఆ మధ్యాహ్నం నుంచి దారిపొడవునా ఉన్న స్తంభాలన్నీ కాంక్రీటువే. ఇనుమును బంగారం చేస్తామని రసవాదులు తరాల తరబడి తంటాలు పడ్డారు. మనవాళ్లు ఒక్క పూటలో కాంక్రీటు చేసి చూపించారు.

ఇంకో యోధుడి గురించి చెప్పకపోతే పాపం. మొదటి ప్రశ్నలో ఒక్కటే కాదు, ఎన్నైనా ఎంచుకోవచ్చని పెట్టారనుకోండి. అడుగు భాగం కాంక్రీటు, పైభాగం ఇనుము అయిన స్తంభానికి రెండూ నొక్కుతారు. లోపల ఆ జవాబు రెండు కోడ్‌ల మధ్య ఖాళీతో ఒకే ముక్కగా నిల్వవుతుంది. దాన్ని సమానం గుర్తుతో పోల్చితే ఏ వరుసా సరిపోదు. ఎక్స్‌ఎల్‌ఎస్ ఫారంలో దీనికి 'సెలెక్టెడ్' అనే ఫంక్షన్ వేరే ఉంది. ఇందులోని అందమేమిటంటే, ఒక్కటే నొక్కితే సమానం గుర్తు కూడా భేషుగ్గా పనిచేస్తుంది. ఆఫీసులో పరీక్షించేవాళ్లు ఎప్పుడూ ఒక్కటే నొక్కుతారు. రెండు నొక్కే మనిషి ఫీల్డులో మాత్రమే పుడతాడు.

ఇప్పుడు శుభవార్త. చెదలు తిరిగొచ్చే దొడ్డిదారి ఒకటుంది. ముందు చెక్క అని చెప్పి చెదలు ఎంచుకోండి. తర్వాత, అయ్యో ఇది ఇనుము కదా అని వెనక్కి వెళ్లి మెటీరియల్ మార్చండి. కొన్ని యాప్‌లు పాత జవాబును తుడిచేస్తాయి. కొన్ని అలాగే ఉంచుతాయి. ఎక్సెల్‌లో 'ఇన్‌డైరెక్ట్' ఫార్ములాతో కట్టిన జంట జాబితాలైతే తుడవనే తుడవవు. కింద గడిలోని చెదలు కదలకుండా కూర్చుంటాయి. కాబట్టి ఫిల్టర్ ఒక్కటే పెట్టి హాయిగా నిద్రపోయేవాళ్లను చూస్తే నాకు ఎంతో ధైర్యం. సేవ్ చేసేటప్పుడు రెండు జవాబులూ పొసుగుతున్నాయో లేదో చూసే నిబంధన ఇంకొకటి పెట్టేవాళ్లతోనే చిక్కు. అలాంటివాళ్లు తక్కువ కావడం మన అదృష్టం.

ఇక 'ఇతరములు'. జాబితా రాసినవాళ్లు తమకు తెలియనిది కూడా లోకంలో ఉండొచ్చని ఒప్పుకునే ఏకైక చోటు అదే. కనుక షరతు పెట్టగానే ముందు మాయమయ్యేదీ అదే. చెక్కకు ఆరు లోపాలు, ఇనుముకు అయిదు, కాంక్రీటుకు ఏడు అని వరుసలు పంచిపెట్టాక, ఇతరములు ఎవరి వాటాకూ రాదు. దాని పక్క గడి ఖాళీ కాబట్టి ఫిల్టర్ ఆపేస్తుంది. ఎక్స్‌ఎల్‌ఎస్ ఫారంలో ప్రశ్న రకం చివర 'ఆర్ అదర్' అని తగిలించే అడ్డదారి ఒకటుంది గానీ, చాయిస్ ఫిల్టర్‌తో దానికి పడదు. రెండూ కలిపితే ఫారమే తయారు కాదు. 'లేదా కోడ్ ఇతరములు అయితే' అని ఫిల్టర్ చివర చేత్తో రాసుకోవాలి. కింద ఏమిటో రాయడానికి ఒక ఖాళీ గడి కూడా ఇవ్వాలి. ఇంతా చేస్తే ఆ గడిలో ఫీల్డువాళ్లు నిజంగానే ఏదో రాసి పంపుతారు. దాన్ని ఎవరో ఒకరు చదవాల్సి వస్తుంది. ఆఫీసుకు ఇంత కష్టం దేనికి?

కాగితం ఫారంలో ఈ బెడద వేరే రకంగా ఉండేది. కాగితానికి మార్జిన్ ఉండేది. గళ్లలో ఇమడనిది ఏది కనిపించినా ఆ పక్కన పెన్సిల్‌తో గీకేవాళ్లు: కింద సిమెంటు దిమ్మె ఉంది, తాడుతో కట్టారు, రెండో స్తంభం ఆసరాగా పెట్టారు. 2008లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఓడీకే మొదలుపెట్టినవాళ్లు కాగితాల మోపుల్ని, మళ్లీ టైప్ చేసే చాకిరీని తప్పించాలనుకున్నారు. తప్పించారు కూడా. కాకపోతే కాగితంతోపాటు మార్జిన్ కూడా వెళ్లిపోయింది. ఇప్పుడు ఫీల్డులో కనిపించినదానికి, జాబితాలో ఉన్నదానికి తేడా వస్తే ఎవరు సర్దుకోవాలో ఫారమే చెబుతుంది.

ఆ జాబితా ఎలా పుడుతుందో కూడా చెప్పాలి. స్తంభాన్ని దగ్గరగా చూసి చాలాకాలమైన కొందరు పెద్దలు ఒక గదిలో కూర్చుంటారు. మెటీరియల్స్ ఎన్ని? మూడు. చెక్క, ఇనుము, కాంక్రీటు. ఫైబర్‌గ్లాస్ స్తంభాలు కూడా ఉంటాయి కదండీ అని చివర కుర్చీలోంచి ఒక గొంతు వినిపిస్తుంది. తరవాతి వెర్షన్‌లో చూద్దాం అంటారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అంతవరకూ సాధారణ జాబితా అయితే ఒక్క గడిలోనే అబద్ధం పడేది. షరతు పెట్టారు కాబట్టి మొదటి గడిలో ఫైబర్‌గ్లాస్‌ను చెక్క అని చెప్పినవాళ్లు, రెండో గడిలో దానికి తగ్గ చెక్క రోగమే చెప్పాలి. మూడో ప్రశ్న ఉంటే చెక్కకు చేసే మరమ్మతే సిఫార్సు చేయాలి. ఇనుముకు చెదలు అన్న రికార్డును చూడగానే ఎవరైనా నవ్వి పక్కన పెడతారు. చెక్క, పుచ్చు, స్తంభం మార్చాలి అన్న రికార్డు చూసి ఎవరూ నవ్వరు. ఎక్కడా వంక పెట్టడానికి లేని ఈ అబద్ధాన్ని చూశాకే షరతుల జాబితా మీద నాకు కొంత గౌరవం కలిగింది.

తరవాతి వెర్షన్ ఒకరోజు నిజంగానే వస్తుంది. సర్వర్‌లో ఫైబర్‌గ్లాస్ చేరుతుంది. సిగ్నల్ లేని చోట తిరుగుతున్న ఫోన్లలో మాత్రం పాత ఫారమే నడుస్తుంటుంది. కొత్త ఫారం దించుకునేదాకా వాటికి ఈ సంగతి తెలియదు. ఒకే స్తంభం ఒకరి ఫోన్లో ఫైబర్‌గ్లాస్, ఇంకొకరి ఫోన్లో చెక్క. అసలు ఫారాన్ని పంపే ముందు నలుగురు ఫీల్డువాళ్ల చేతికిచ్చి, ఆఫీసు బయట నాలుగు స్తంభాల దగ్గర తిప్పించి, వాళ్లు ఎక్కడ ఆగిపోయారో రాసుకుంటే సరిపోతుందని కొందరు అతివాదులు వాదిస్తున్నారు. అలాంటి సంప్రదాయం ఒకసారి మొదలైతే ఎక్కడ ఆగుతుంది? రేపు జాబితా కూడా వాళ్లనే రాయమంటారు.

కాబట్టి సవరించిన జాబితా అన్ని ఫోన్లకూ చేరేదాకా, ఫైబర్‌గ్లాస్ స్తంభాలు దయచేసి ఒరగకుండా, పగలకుండా ఓపిక పట్టాలని మనవి. తప్పదనుకుంటే పుచ్చు పట్టవచ్చు.