విమాన దూరం గారికి, గోదావరి ఒడ్డు నుంచి

ఆయ్, నమస్కారమండి.

వెబ్‌సైటులో రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టగానే మధ్య దూరం ఎంతో, ఎన్ని గంటలు పడుతుందో రెప్పపాటులో చెప్పేస్తారు మీరు. మా కోనసీమ పెళ్లిళ్ల పేరయ్యలు కూడా అంత ధీమాగా మాట్లాడరు.

సరే చూద్దామని లోకం అంచున ఉన్న రెండు దీవులు ఇచ్చాను. ఒకటి అట్లాంటిక్ నడిమధ్యలో సెయింట్ హెలెనా, రెండోది పసిఫిక్‌లో ఈస్టర్ ద్వీపం. సుమారు 10,500 కిలోమీటర్లు, పదమూడు గంటలు అన్నారు. సంతోషం. మరి ఆ విమానం ఏదండీ? సెయింట్ హెలెనాకి 2017 దాకా రోజువారీ మాట దేవుడెరుగు, షెడ్యూలు విమానమే లేదు. కేప్‌టౌన్ నుంచి రోజుల తరబడి ఓడ ప్రయాణం. ఇప్పుడైనా అక్కడ ఎక్కినవాడు దిగేది ఎక్కువగా దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్‌లో. ఈస్టర్ ద్వీపానికి విమానం దొరికేదేమో చిలీ రాజధాని శాంటియాగోలో, అక్కణ్ణుంచి ఇంకో 3,750 కిలోమీటర్లు. పడమర పోవాల్సినవాడు ముందు తూర్పుకి పోయి, మళ్లీ అట్లాంటిక్ మొత్తం దాటి రావాలన్నమాట. పైగా సెయింట్ హెలెనా రన్‌వే మీద గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పలేం. మీ పదమూడు గంటల్లో ఇదంతా ఎక్కడ సర్దారండీ?

మీ గుట్టు మాకు తెలుసులెండి. గ్లోబు మీద దారం బిగించి లాగితే వచ్చే దగ్గరి దారిని కొలుస్తారు. గంటకు 800 చిల్లర వేగంతో భాగిస్తారు. ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట దయతలుస్తారు. ఎదురుగాలికి అందులో చోటు లేదు. విమానం ఉందా లేదా అన్న చిన్న విషయం అసలే అక్కర్లేదు.

మా సంగతికొద్దాం. రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం నుంచి హైదరాబాద్ సుమారు 360 కిలోమీటర్లు, గంట పైచిలుకు. నిజమేనండి, కాదనను. కానీ అంతర్వేదిలో ఉన్నవాడు మధురపూడి చేరేసరికి హైదరాబాద్ విమానం వెళ్లి తిరిగొచ్చేయొచ్చు. సూట్‌కేసు పట్టుకుని పాయలూ, కాలవలూ, లాకులూ, ఇరుకు రోడ్డు మీద ఎదురొచ్చే కొబ్బరికాయల లారీలూ దాటాలి కదా.

స్కాట్లాండ్‌ పైన ఓర్క్నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 2.7 కిలోమీటర్ల కోసం విమానం వేశారట. షెడ్యూలులో రెండు నిమిషాలు. గాలి కలిసొస్తే ఒక్క నిమిషం కూడా పట్టదు. ఇది చదివి మా సఖినేటిపల్లి వాళ్లకి కళ్లు కుట్టాయండి. ఎదురుగా నరసాపురం కనిపిస్తూనే ఉంటుంది, మధ్యలో వశిష్ఠ గోదావరి పాయ. బైకులూ, ఆటోలూ, మేకలూ, పెళ్లివారూ అందరికీ పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవే దిక్కు. వరదొచ్చి పంటు ఆగిందా, మలికిపురం మీదుగా చించినాడ వంతెనెక్కి, దిగమర్రు తిరిగి రావాల్సిందే. కనిపించే ఊరికి పూటంతా ప్రయాణం! మీ దారం లెక్కలో మాత్రం అది ఎప్పటికీ ఇక్కడే, ఇదిగో ఇంతే.

ఒక్క మనవి. మాఘంలో మా అంతర్వేది తీర్థానికి దయచేయండి. నరసాపురం దాకా మీ వేగంతోనే రండి, అభ్యంతరం లేదు. రేవులో మాత్రం టికెట్ తీసుకుని వరుసలో నిలబడాలి. ముందు ఆడవాళ్లూ పిల్లలూ, తర్వాత బైకులు, ఆ తర్వాత మీరు.

ఇట్లు,
అవతలి ఒడ్డువాడు